రాగి దిమ్మ ఆత్మకథ

నీళ్లతో చల్లబరిచే కంప్యూటర్‌లో ప్రాసెసర్ నెత్తిన మరలతో బిగించే భాగాన్ని వాటర్ బ్లాక్ అంటారు. అరచేతిలో ఇమిడే ఈ దిమ్మకు అడుగున రాగి, పైన అద్దంలా కనబడే అక్రిలిక్ మూత, మూతకు రెండు రంధ్రాలు. ఒక రంధ్రంలోంచి నీళ్లు లోపలికొస్తాయి, రాగి దగ్గర వేడిని తీసుకుని రెండో రంధ్రంలోంచి వెళ్లిపోతాయి. ఈ కథ చెబుతున్నది అలాంటి ఒక దిమ్మే. యంత్రభాగాలకు డబ్బాలో పెట్టి పంపే చిన్న పుస్తకం భాష తప్ప మరొకటి రాదు కాబట్టి, తన సంగతిని కూడా అది పరాయిదాని సంగతిలాగే చెబుతుంది.

పుట్టుక గురించి చెప్పుకోవలసింది తక్కువ. రాగి ముద్దను పదునైన పనిముట్టుతో చీల్చి సన్నటి రెక్కలుగా లేపుతారు. రెక్కకూ రెక్కకూ మధ్య సందు మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. ఆ రాగి ఏ గనిదో తేల్చడం కష్టం. రాగిని ఎన్నిసార్లయినా కరిగించి వాడుకోవచ్చు గనుక, పూర్వజన్మలో అది బోరు మోటారులో చుట్టగానో కరెంటు తీగగానో ఉండి ఉండవచ్చు. ఈ దిమ్మ బతికిన మార్కాపురానికి పక్కనున్న పల్నాడులో అగ్నిగుండాల ప్రాంతంలోనూ రాగి, సీసం ఖనిజాలున్నాయి. అయినా ఈ దిమ్మ అక్కడిదాన్నని గొప్పలు పోదు, దాని డబ్బా మీద ఉన్నది పరాయి దేశం పేరు.

ప్రాసెసర్ వేడి నీళ్లను చేరాలంటే ముందు ఒక లోహాన్ని దాటాలి. ఏ లోహం వేడిని ఎంత చురుగ్గా దాటిస్తుందో చెప్పే అంకె ఉష్ణవాహకత. వెండికి అది సుమారు 430, రాగికి 400, శుద్ధమైన అల్యూమినియంకు 237, ఇత్తడికి 110 నుంచి 120, స్టెయిన్‌లెస్ స్టీలుకు 15 దగ్గర. వెండితో దిమ్మలు చేస్తే కొనేవాళ్లుండరు గనుక ఆ పని రాగికి దక్కింది. ఈ విషయంలో దిమ్మకు గర్వం ఉంది. దాని వంశమూ చిన్నది కాదు. 1980లో ఐబీఎం ప్రకటించిన 3081 అనే భారీ కంప్యూటర్‌లో చిప్పుల సముదాయం మీద చల్లని నీళ్లు పారే పలకలు బిగించారు. 2010లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో ఆక్వాసార్ అనే సూపర్ కంప్యూటర్‌ను 60 డిగ్రీల దాకా వేడిగా ఉన్న నీళ్లతో చల్లబరిచి, బయటికొచ్చిన వేడిని భవనాలను వెచ్చబెట్టడానికి వాడుకున్నారు. చిప్పు అంతకన్నా వేడిగా ఉంటుంది కాబట్టి వేడి నీళ్లయినా దాన్ని చల్లబరుస్తాయి. ఇది తెలిసినవాళ్లు ట్యాంకులో ఐసు ముక్కలు వేయరు. ఈ దిమ్మ యజమాని ఒక మే నెలలో వేశాడు. గొట్టాలకు చెమట పట్టి చుక్కలు మదర్‌బోర్డు మీదికి జారాయి.

రాగి ఊరికే రంగు మారే లోహం. అందుకని ఇత్తడి గిన్నెకు కళాయి పెట్టించినట్టు, కొన్ని దిమ్మలకు నికెల్ పూత పూస్తారు. నికెల్ వాహకత రాగిలో పావువంతు కూడా లేదు గానీ, పూత మందం కొన్ని మైక్రాన్లే కాబట్టి పనికి తేడా రాదు. చూపుకు తేడా వస్తుంది, ధరకు అంతకన్నా ఎక్కువ తేడా వస్తుంది. మొదటిసారి కొనేవాళ్లు డబ్బు మిగుల్చుకోవాలంటే పూత లేని రాగి దిమ్మ కొనుక్కుని, ఆ మిగిలిన డబ్బు నీళ్ల వేడిని గాలికి వదిలే మంచి రేడియేటర్ మీద పెట్టడం తెలివైన పని. ఈ దిమ్మకు పూత ఉంది. ఎక్కువ డబ్బు పోసి కొన్నారు. మిగలవలసినది రేడియేటర్ దగ్గర మిగుల్చుకున్నారు. ఇక్కడ మొదలైంది కష్టమంతా.

యజమాని మార్కాపురం కుర్రాడు, నగరంలోని కంపెనీకి ఇంటి నుంచే పనిచేసేవాడు. అతని గదిలో కంప్యూటర్ పెట్టిన బల్ల పైభాగం పలకరాయి. ఒకప్పుడు బడిపిల్లల పలకలంటే మార్కాపురమే. కాగితం, ప్లాస్టిక్ పెరిగాక పలకల పని తగ్గింది, ఆ రాయిని ఇప్పుడు గోడలకూ నేలకూ అతికిస్తున్నారు. పలకరాయిలో కరెంటు పారదు, పాతకాలంలో స్విచ్‌బోర్డులకు కూడా దాన్నే వాడేవారు. దిమ్మకు ఆ రాయిని చూస్తే అసూయ. ఎవరి పక్కన పెట్టినా దానికి ఏమీ కాదు. లోహాల బతుకు అలాంటిది కాదు, ఎవరి పక్కన పడ్డామన్నదే వాటి ఆయుష్షును తేలుస్తుంది.

కుర్రాడు గొట్టాల రంగు, ఫ్యాన్ల లైట్లు, నీళ్లు ముందు గ్రాఫిక్స్ కార్డుకు వెళ్లాలా ప్రాసెసర్‌కు వెళ్లాలా అన్న చర్చ, వీటి మీద రాత్రులు గడిపాడు. ఆ చివరి చర్చకు అసలు విలువే లేదు. నిమిషానికి నాలుగు లీటర్లు పారే చోట 250 వాట్ల వేడి కలిసినా నీళ్ల వేడి ఒక డిగ్రీ కూడా పెరగదు కాబట్టి, ఏది ముందైనా ఒకటే. రేడియేటర్ విషయానికొచ్చేసరికి మాత్రం ఒక్క క్షణంలో తేల్చేశాడు. నల్ల రంగు వేసిన రెండు రేడియేటర్లు కనబడ్డాయి, ఒకటి రెండోదానికన్నా బాగా చవక. చవకదాన్ని తెప్పించాడు. అది అల్యూమినియం. మన ఇళ్లలో సత్తు గిన్నెలనేవి ఆ లోహంతో చేసినవే.

వేర్వేరు జాతుల లోహాలు రెండు ఒకే నీటిలో ఉండి, వాటి మధ్య కరెంటు పారడానికి ఇంకో దారి కూడా దొరికితే అది బ్యాటరీ. 1800లో ఇటలీలో వోల్టా లోహపు బిళ్లలను దొంతరగా పేర్చి, మధ్యలో ఉప్పునీటి గుడ్డలు పెట్టి కరెంటు పుట్టించింది ఈ సూత్రంతోనే. రసాయన శాస్త్ర పుస్తకాల్లో లోహాలకు ఒక వరుస ఉంటుంది. అల్యూమినియం మైనస్ 1.66 వోల్టుల దగ్గర, జింకు మైనస్ 0.76 దగ్గర, నికెల్ మైనస్ 0.25 దగ్గర, రాగి ప్లస్ 0.34 దగ్గర, వెండి ప్లస్ 0.80 దగ్గర నిలబడతాయి. మామూలు నీటిలో ఈ అంకెలు యథాతథంగా రావు, ఎందుకంటే అల్యూమినియం తన మీద తానే ఒక ఆక్సైడ్ పొర కప్పుకుంటుంది. అయినా దిశ మారదు. కింది మెట్టు లోహం కరుగుతుంది, పై మెట్టు లోహం క్షేమంగా ఉంటుంది. రాగి, అల్యూమినియం కలిసిన చోట కరిగేది అల్యూమినియమే.

రెండూ ఒకదాన్నొకటి తాకకపోతే సరి కదా అనుకునేవాళ్లు ఉంటారు. కేబినెట్ లోపల ఆ వాదన నిలవదు. రేడియేటర్‌ను మరలతో ఉక్కు కేబినెట్‌కు బిగిస్తారు, మదర్‌బోర్డును మరలతో అదే కేబినెట్‌కు బిగిస్తారు, దిమ్మను మరలతో మదర్‌బోర్డుకు బిగిస్తారు. కరెంటుకు దారి తెలియకుండానే వేసి పెట్టినట్టవుతుంది. ఆ దారి లేకుండా చేసినా రెండో ప్రమాదం ఉంది. రాగి నుంచి లేశమాత్రంగా నీటిలో కలిసిన అయాన్లు పారుతూ పోయి అల్యూమినియం గోడ మీద పేరుకుంటాయి. పేరుకున్న ప్రతి చుక్క చుట్టూ ఒక బుల్లి బ్యాటరీ తయారై, గోడను సూదితో పొడిచినట్టు లోతుగా తొలుస్తుంది. మొత్తం గోడ సన్నబడే దాకా ఆగనక్కర్లేదు, ఒక్క చిల్లు చాలు.

అల్యూమినియం మీద దిమ్మకు కోపం లేదు. అన్నీ అల్యూమినియమే వాడిన చోట అది తేలిగ్గా, చవగ్గా, బాగానే పనిచేస్తుంది. దుకాణంలో మూసేసి అమ్మే ఆల్-ఇన్-వన్ కూలర్లలో చాలావాటికి అడుగున రాగి, పక్కన అల్యూమినియం రేడియేటర్ ఉంటాయి, అయినా కొన్నేళ్లు నడుస్తాయి. వాటిలో తుప్పును అడ్డుకునే మందులు కలిపిన ద్రవాన్ని లెక్కగా నింపి, మూత తెరవకుండా చేస్తారు. విడిభాగాలు కొని మొదటిసారి కట్టుకునేవాళ్లు ఆ మందు లెక్క తప్పకుండా చూసుకోలేరు, మధ్యమధ్యలో నీళ్లు పోస్తారు, మందు పలచబడుతుంది. అందుకే వాళ్లకు ఉన్న మంచి దారి ఒకటే. రాగి, ఇత్తడి, నికెల్ ఒకే గుంపు, వరుసలో దగ్గర దగ్గరగా మసలుకునేవి. ఆ గుంపుతోనే నీళ్లు తిరిగే చుట్టు మొత్తం కట్టుకోవాలి. అల్యూమినియం, జింకు నీళ్లు తగిలే చోటికి రానివ్వకూడదు. పంపులో నీటికి తగిలేది ఎక్కువగా ప్లాస్టిక్కు, పింగాణీ, స్టెయిన్‌లెస్ స్టీలు కాబట్టి దాని గురించి బెంగ అక్కర్లేదు.

రేడియేటర్ ఏ లోహమో రంగు చూసి తెలియదు, అన్నీ నల్లగానే వస్తాయి. బరువు చెబుతుంది. అల్యూమినియం సాంద్రత 2.7, రాగిది 8.96, ఇత్తడిది ఎనిమిదిన్నర దగ్గర. ఒకే కొలత రేడియేటర్లు రెండు చేతుల్లో పట్టుకుంటే చాలు. కనబడని మూల ఆకురాయితో ఒక్క గీత గీస్తే పసుపో, ఎరుపో, తెలుపో బయటపడుతుంది. అయస్కాంతం ఇక్కడ పనికిరాదు, రాగీ ఇత్తడీ అల్యూమినియమూ మూడూ దానికి అంటుకోవు. ఇంత కూడా అక్కర్లేదు. మార్కాపురం మీదుగా పోయే 565 జాతీయ రహదారి పక్కన లారీ రేడియేటర్లు బాగుచేసే మెకానిక్కును అడిగితే చాలు. రాగి, ఇత్తడి రేడియేటర్ అయితే టంకం పెట్టొచ్చు, సత్తుదయితే మామూలు టంకం పట్టదు అన్నది ఆ పనివాళ్లకు రోజూ తెలిసే సంగతి. కుర్రాడు ప్రపంచమంతా వెతికాడు, ఆ రోడ్డు దాకా వెళ్లలేదు.

గొట్టాలను బిగించే ఫిట్టింగుల సంగతీ ఇంతే. మంచివి ఇత్తడితో చేసి పైన నికెల్ లేదా క్రోమ్ పూత పూసినవి. కంప్యూటర్ల ఫిట్టింగులకు ఉండేది పావు అంగుళం బీఎస్‌పీ త్రెడ్డు, నీళ్ల పైపుల కొలతల కుటుంబానిదే. దాంతో ఒకటి తక్కువ పడితే హార్డ్‌వేర్ షాపులో తెచ్చుకోవచ్చనిపిస్తుంది. అక్కడ రెండు ఉచ్చులున్నాయి. జీఐ ఫిట్టింగు మీద ఉన్నది జింకు పూత, రాగితో కలిస్తే మొదట పోయేది అదే. రెండోది, పైపుల పనిలో చాలా త్రెడ్డులు కొస దగ్గర సన్నబడుతూ పోతాయి, బిగించేకొద్దీ బిర్రుగా పట్టడానికి. కంప్యూటర్ త్రెడ్డు సమానంగా ఉంటుంది, నీళ్లను ఆపేది రబ్బరు ఓ-రింగు. సన్నబడే త్రెడ్డును అక్రిలిక్ మూతలోకి బలంగా తిప్పితే మూత పగులుతుంది. ఈ దిమ్మ మూత మీద రంధ్రం పక్కన వెంట్రుకంత గీత ఉంది. అది ఎలా వచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక నీళ్లు. లోహాల ఎంపికలో నీళ్ల ప్రస్తావన ఎందుకంటే, మార్కాపురం చుట్టుపక్కల వాటిని లోహాల నుంచి విడదీసి మాట్లాడలేం. మార్కాపురం, కొనకనమిట్ల, పొదిలి, కనిగిరి ప్రాంతాల బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగే నీటికి భారత ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దారి లేని చోట 1.5. కాఠిన్యానికి అదే ప్రమాణంలో హద్దు 200, వేరే దారి లేకపోతే 600. మనిషి కోసం పెట్టిన హద్దులివి. వాటి లోపల ఉన్న నీళ్లు కూడా కంప్యూటర్‌కు పనికిరావు. కుర్రాడు మొదట పోసింది బోరు నీళ్లు.

బోరు నీళ్లు పోస్తే గీజరులో పట్టినట్టు సున్నం పడుతుందని భయపడతారు. నిజానికి కంప్యూటర్ చుట్టులో తిరిగేది ఒక లీటరుకు అటూ ఇటూ ఉండే అవే నీళ్లు, వాటిలో ఉండే సున్నం కొద్దిపాటిదే. పెద్ద నష్టం ఉప్పులతో. ఉప్పులున్న నీళ్లలో కరెంటు సులువుగా పారుతుంది, లోహాల మధ్య బ్యాటరీ జోరందుకుంటుంది. క్లోరైడ్ అల్యూమినియంలో గుంటలు తొలుస్తుంది, ఇత్తడిలోంచి జింకును లాగేసి గుల్ల రాగిని మిగులుస్తుంది. ఫ్లోరైడ్ అల్యూమినియంను కాపాడే ఆక్సైడ్ పొరతో కలిసి దాన్ని బలహీనపరుస్తుంది. నల్లమల కింద తవ్విన వెలిగొండ సొరంగాల్లోంచి కృష్ణా నీళ్లు వస్తే ఈ ప్రాంతపు పళ్లకూ ఎముకలకూ ఫ్లోరైడ్ బెడద తగ్గుతుంది. దిమ్మకు ఆ నీళ్లూ వద్దు. వీధి వీధికీ ఉన్న ఆర్‌ఓ ప్లాంటు క్యాను నీళ్లు కొంత మేలు, కానీ వాటిలోనూ ఉప్పులు పూర్తిగా పోవు. కావలసినవి డిస్టిల్డ్ నీళ్లు. అవి దొరకవని అనుకోవడానికి లేదు, కరెంటు కోతల పుణ్యాన చాలా ఇళ్లలో ఇన్వర్టర్ ఉంటుంది, దాని బ్యాటరీకి పోసే నీళ్లు బ్యాటరీ షాపులో అమ్ముతారు. ఉప్పులు తీసేసిన ఆ నీళ్లలో నాచు పట్టకుండా మందు, తుప్పు పట్టకుండా మందు కలిపితే చాలు. అదే షాపులో ఆసిడ్ కూడా ఉంటుంది కనుక క్యాను మీద రాసింది చదివి తీసుకోవాలి.

ఈ ఇంట్లోనూ ఇన్వర్టర్ ఉంది. దాని కింద డిస్టిల్డ్ నీళ్ల క్యాను ఉంది. కంప్యూటర్‌కు నాలుగడుగుల దూరం. బ్యాటరీకి అవి నెల నెలా దక్కాయి.

మొదటి వారాల్లో దిమ్మకు మర్యాదలు బాగానే జరిగాయి. స్నేహితులు వచ్చి చూశారు, ఫొటోలు తీశారు. లైట్ల కింద నీళ్లు నీలంగా మెరిసేవి. తర్వాత ఎవరూ చూడలేదు. గొట్టాల గోడల్లోంచి నీళ్లు కొద్దికొద్దిగా ఆవిరవుతాయి, అది సహజం. తగ్గినప్పుడల్లా చేతికి దొరికిన నీళ్లు పోశారు, ఒకసారి మంచినీళ్ల బాటిల్లో మిగిలినవి కూడా. ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పులు కావు. పోసిన ప్రతిసారీ కొత్త ఉప్పులు పాతవాటితో కలిశాయి. లైటు పడే గొట్టాల్లో పచ్చగా నాచు పట్టింది. పలకల యార్డుల దుమ్ము రేడియేటర్ రెక్కల్లో మెత్తగా కూరుకుపోయి గాలిని ఆపేసింది. మార్కాపురం ఎండల్లో 44, 45 డిగ్రీలు కొత్త కాదు. రేడియేటర్ ఒక్కటే నీళ్లను గది కన్నా చల్లగా చేయలేదు కనుక, ఏసీ లేని ఆ గదిలో నీళ్లు 55 దాటేవి. ఆక్వాసార్ వంశానికి అదేమీ లెక్క కాదు, నీళ్లు శుభ్రంగా ఉంటే.

శుభ్రంగా లేవు. అల్యూమినియం గోడల నుంచి ఊడిన తెల్లటి జిగట పదార్థం పారుతూ వచ్చి దిమ్మ రెక్కల సందుల్లో ఇరుక్కుంది. చుట్టు మొత్తంలో అన్నిటికన్నా ఇరుకైన దారి దిమ్మదే కాబట్టి, ఎవరి చెత్త అయినా చివరికి ఆగేది అక్కడే. నీళ్లు రెక్కలను దాటలేక మెల్లగా కదిలాయి, ప్రాసెసర్ వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంది. తప్పు దిమ్మదేనని తేల్చారు. రేడియేటర్ గోడ లోపల ఏం జరుగుతోందో ఎవరూ చూడలేదు, దానికి పారదర్శకమైన మూత లేదు మరి. దిమ్మ కడుపు మాత్రం అందరికీ కనబడుతుంది.

విప్పి కడిగారు. కడగడానికి వాడింది చింతపండు, ఉప్పు, పీచు. రాగి చెంబుకు అది తరతరాల వైద్యం. నికెల్ పూతకు అది శత్రువు. పీచు పూతను గీరింది, పులుపు మిగతాది తిన్నది, చాలినంత కడగకుండా మిగిల్చిన ఉప్పు క్లోరైడ్‌గా మళ్లీ నీళ్లలో చేరింది. సరిగ్గా చేయాలంటే డిస్టిల్డ్ నీళ్లు, మెత్తటి పళ్ల బ్రష్షు, కాస్త ఓపిక చాలు. కొత్త రేడియేటర్‌ను కూడా వాడకముందే అలా కడగాలి, తయారీలో మిగిలిన టంకం మందు లోపల ఉంటుంది. తిరిగి బిగించిన కొన్నాళ్లకు రేడియేటర్ మూల సూదిమొనంత చిల్లు పడింది. చుక్క చుక్కగా కారి కేబినెట్ అడుగున మడుగు కట్టింది. పంపు ఆపారు, గాలితో చల్లబరిచే మామూలు కూలర్ తెచ్చి పెట్టారు.

దిమ్మను రేడియేటర్, గొట్టాలతో సహా ఒక ప్లాస్టిక్ కవరులో వేసి అటక మీద పెట్టారు. నీళ్లు పూర్తిగా వంచలేదు. కవరులో ఆ తడితోనే రెండు లోహాలు మరికొంత కాలం ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి, ఈసారి మధ్యలో కేబినెట్ కూడా అవసరం లేకుండా. రాగి అంచుల్లో పచ్చగా చిలుము పట్టింది, రేడియేటర్ తెల్ల బూజుతో ఉబ్బింది. అటక మీద దాని పక్కన ఉన్నవి పాత ఇత్తడి బిందె, పగిలిన పలక, పనిచేయని సెట్‌టాప్ బాక్సు. ఇంటికి సున్నం వేయించే రోజున అన్నీ కలిపి పాత సామాన్ల కొట్టుకు పోయాయి.

కొట్టు ఆయన రేడియేటర్‌నూ దిమ్మనూ ఒకేసారి తక్కెడలో పెట్టబోతున్న కుర్రాడి చేతిని ఆపాడు. "అబ్బాయ్, ఇది సత్తు, అది రాగి. రెండూ కలిపి తూస్తే రేటు పడదు" అన్నాడు. చేతిలో పట్టి బరువు చూశాడు, ఆకురాయితో ఒక గీత గీశాడు. అక్రిలిక్ మూత ఊడదీసి అవతల పారేశాడు. ఉక్కు మరలు ఇనుము గుట్టలోకి, ఫిట్టింగులు ఇత్తడి బుట్టలోకి, రేడియేటర్ సత్తు గోతంలోకి, దిమ్మ రాగి డబ్బాలోకి వెళ్లాయి. అంతర్జాతీయ మార్కెట్‌లో రాగి ధర అల్యూమినియం ధర కన్నా చాలా ఎక్కువ ఉంటుంది కనుక వేరుచేయడం ఆయనకు లాభం. పైన నికెల్ పూత ఆనవాళ్లు మిగిలి ఉన్నందువల్ల, మెరిసే తీగ రాగికి ఇచ్చే ధర మాత్రం ఈ దిమ్మకు ఇవ్వలేదు. తూకంలో పావుకిలోకు కాస్త తక్కువ తేలింది.